చల్లనీళ్ళ గీజరు

మస్కట్‌ల దిగంగనే గాలి మొఖానికి తాకింది,
ఉడికే గంజు మీది మూత తీసినట్టు.
జూన్ నెలల ఎవలన్న వస్తరా అని
బావ మొత్తుకుంటనే సామాన్లు ఎత్తిండు.
నడిపక్క నా చెయ్యి వట్టి గుంజుకపోయి
ఇంట్లె అన్నిటికన్న ముందుగాల చూపిచ్చింది
ఏందో ఎరుకేనా?
బాత్రూం.

"నల్లా తిప్పకే, చేతులు కాల్తయి.
మిద్దె మీది ట్యాంకి పగలంత ఉడుకుతది.
గీజరు బంద్ వెట్టి రెండు నెలలాయె,
గండ్ల నీళ్ళే సల్లగుంటయి."

గీజర్ల సల్లనీళ్ళు!
అమ్మ కొంగు నోట్లె కుక్కుకొని నవ్విన నవ్వు
రువీ గల్లీ దాక వినవడ్డది.
పొద్దుమీకి లైను కట్టినం,
మనిషికి రెండు చెంబులు లెక్క.
మూడో చెంబు దొంగతనంగ పోసుకున్నది నేనే.
ఇయ్యాల్టి దాక ఒప్పుకోలె.

ఒక్క రూము. ఏడుగురం.
మర్యాదకని బావ ఏసీ పద్దెనిమిదిల వెట్టిండు.
బయట నలభై ఆరు,
లోపట పులిబొమ్మ దుప్పట్ల కింద
పండ్లు కటకట.
"ఎండకాలంల సలి వెడుతున్నదే పెద్దీ" అని
అర్ధరాత్రి మెట్‌పల్లికి ఫోన్ కొట్టింది అమ్మ,
పెద్దక్కకు జెర కుళ్ళు వుట్టాల్నని.

బావ తోలేది నీలిరంగు నీళ్ళ ట్యాంకరు.
శుక్రారం దానికి గూడ సెలవే.
ఆయనా మా ఆయనా లుంగీలు ఎగ్గట్టి
దాన్ని కడుగుడు మొదలువెట్టిండ్రు.
ఇద్దరికి నాలుగేండ్ల సంది మాటల్లెవ్వు,
నాలుగు వేల బాకీ కాడ.
"టైర్లు నువ్వు రుద్దు."
"అద్దం నేను రుద్దుత."
గంతే.
పగటీలి ఒక్క పళ్ళెంల చాపలకూర కలుపుకొని
ముల్లు నువ్వు తియ్యంటే నువ్వు తియ్యని తింటుంటే,
నేనూ అక్కా వంటింట్లకెళ్ళి చూసి
అక్కర లేకున్నా
ఎల్లిగడ్డ ఒలుసుకుంట కూసున్నం.

సాయంత్రం మత్రాకు పోయినం.
సముద్రం దిక్కు ఒక్కసారి చూసి
అమ్మ మల్ల బజారు దిక్కే తిరిగింది.
పూల కుట్టు టోపీ ముసలాయన ఒకలు
ఓ పలుకు తీసి అరచేతుల వెట్టి
"లుబాన్" అన్నడు.
"సాంబ్రాణి" అన్నది అమ్మ.
"లుబాన్."
"సాంబ్రాణే నాయినా, నాకు దెల్వదా?"
నలభై ఏండ్లు బీడీలు చుట్టి
గోరు అరిగిన చూపుడువేలు
బుట్టెడు పలుకుల్లకెళ్ళి
నిమిషంల మంచియి వక్కకు, దుమ్ము వక్కకు జరిపింది.
ముసలాయన కండ్లద్దాలు సదురుకొని చూసిండు.
పైసలు తక్కువ తీసుకున్నడు.
ఎంత తక్కువనో, రియాల్ లెక్క అమ్మకు రాదు.
గెలిచినట్టు మాత్రం నడిచింది.

రాత్రి దోస్తు బండిల తిప్పుకుంట
హోటల్ ముందట ఆపి బావ హారన్ కొట్టిండు.
ఓ పిలగాడు ఉర్కొచ్చిండు.
దిగుడు లేదు, నిలవడుడు లేదు,
కిటికీలకెళ్ళి ఏడు కరక్ చాయలు,
బండి నిండ యాలకుల వాసన.
"నేను కొడ్త, నేను కొడ్త" అని
సీట్ల నిలవడి మా హంసిక కొట్టింది.
మల్ల ఉర్కొచ్చిండు.
ఏం గావాలె?
ఏం వద్దు. ఒట్టిగనే.
ఆ పిలగాడు నవ్వి, లోపటికి పోయి
చిప్స్ పొట్లం తెచ్చి దాని చేతుల వెట్టిండు.

పోయే రోజు కార్టన్ కిలో ఎక్కువ తూగింది.
ఖర్జూరాలు తియ్యొద్దు, పాలపొడి తియ్యొద్దు.
అమ్మ తన రెండు చీరలు తీసి
అక్క బీర్వల వెట్టింది.
సాంబ్రాణి తియ్యలె.
దర్వాజ కాడ అక్క అన్నది:
"మీరు వోతే మాకు సల్లనీళ్ళు మిగుల్తయి తియ్యి."
అని, చెప్పులు ఎతుకుతున్నట్టు వంగింది.
చెప్పులు కాళ్ళకే ఉన్నయి.

మెట్‌పల్లి బస్టాండుల ఆటో ఎక్కినం.
మూల మీద చాయబండి చూసి
"మామా, హారన్ కొట్టు" అన్నది హంసిక.
కొట్టిండు.
చాయ గంగన్న తల గూడ ఎత్తలె.
మల్ల కొట్టిండు.
"ఏందిరో, దిగొస్తె కాళ్ళు అరుగుతయా?"
పొంగే పాల మీద ఊదుకుంటనే అన్నడు గంగన్న.

దిగినం.